కూర్మారావు పండుగప్పలు

విశాఖ నుంచి ఇనుప గనులకు పోయే కిరండూల్ రైలు లైన్లో కీమ్యాన్‌గా పట్టాలు చూసుకునే కూర్మారావుది శ్రీకాకుళం వైపు సముద్రపు ఊరు. తొంభైల్లో ఒక గని టౌన్‌షిప్ ఆఫీసర్లు తమ నీళ్ల చెరువు దగ్గర గాలాల క్లబ్బు పెట్టి, ఆదివారం సరదాకి గట్టిగా లాగే చేప ఏదని అడిగితే పండుగప్ప అన్నాడు. ఏరు సముద్రంలో కలిసే ఊరి మొగలో పట్టిన చేపపిల్లల్ని డబ్బాల్లో వేసుకుని రైలెక్కాడు. స్టేషన్ స్టేషన్‌కీ కాస్త ఉప్పునీరు పారబోసి కొళాయి నీళ్లు కలిపాడు. అరకు దాటేసరికి డబ్బాల్లో ఉన్నది మంచినీళ్లే, చేపలు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. వాటిని చెరువులో వదిలాడు. ఆ దెబ్బతో ఆఫీసర్లు అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని టీ ఇప్పించసాగారు.

కొన్నేళ్లకు సోమి తగువుకొచ్చింది. తెలంగాణ సరిహద్దున ఉన్న భేజ్జి వైపు నుంచి ఆ చెరువు పక్క ఊరికి కోడలై వచ్చిన మనిషి. చెరువులోంచి వానలకు వాగులోకి ఎగబాకే చిన్న చేపల్ని వెదురు బుట్టలతో పట్టి, ఎండబెట్టి సంతలో అమ్ముతుంది. ఇప్పుడు బుట్టలు ఖాళీ, పండుగప్పల వల్లేనంది. కాదు, గని ఎర్రబురదే కారణమంది క్లబ్బు. తేల్చమని కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే ప్రమీలారాణిని పిలిచారు. నష్టమని తేలితే రెండో విడత పిల్లలు ఆగిపోతాయి, కూర్మారావు గొప్పా ఆగిపోతుంది.

"సముద్రపు సేపమ్మా ఇది. ఉప్పునీరు నేకపోతే పిల్లల్ని పెట్టదు. మంద పెరగదు. ఇంక నష్టమేటి?" అన్నాడతను. మొగ దగ్గర పుట్టిన ఎవరైనా అదే అంటారు.

"ముసలోడు గూడ పిల్లల్ని కనడు. బువ్వ తినుడు మానిండా ఏంది?" అంది సోమి.

ప్రమీలారాణి నవ్వు ఆపుకుని, పండుగప్పలు లేని పక్క వాగు కూడా చూసి వచ్చింది. అక్కడా ఎర్రబురదే, కానీ సోమి పట్టే చిన్న చేపలు, పరిగెలు, ఉన్నాయి. ఇక పండుగప్పల పొట్టలు కోయాలి. వాటిని పట్టడం కూర్మారావుకే చేతనవును. తనకు వ్యతిరేకంగా సాక్ష్యం తనే పట్టి తెచ్చాడు. పొట్టల్లో గుడ్లతో ఉన్న పరిగెలు, జెల్లలు, రొయ్యలు.

"రాసెయ్ పాపా" అన్నాడు కూర్మారావు.

ప్రకృతి సమతుల్యం, అడవి తల్లి లాంటి మాటలు ఆ రిపోర్టులో లేవు. అందుకే అది పనికొచ్చింది. రెండో విడత రాలేదు, టీ కూడా రాలేదు. మిగిలిన చేపల్ని ఏరేసే పని కూర్మారావు తన మీద వేసుకున్నాడు. తర్వాతి వానలకు సోమి బుట్టలో అడుగు కప్పేపాటి పరిగెలు పడ్డాయి.

ఇంకా ఎన్నున్నాయని ఆమె అడిగితే గాలం చుట్టుకుంటూ చెప్పాడు.

"పెద్దవే మిగిలాయే. నానేసినవే, నాకే దొరకట్నేదు."