వెర్నా ఉతకని రోజు

వెర్నా పెల్కీ ఇంట్లో అడుగుపెడితే ముందు బ్లీచ్ వాసన పలకరిస్తుంది, ఆ తర్వాతే వెర్నా. నేను ఆవిడ ఎదురింట్లో ఉంటూ, ఇరవై రెండేళ్లు ఈ కొండదారి పొడుగునా ఉత్తరాలు పంచినదాన్ని. ఎవరింట్లో ఏ వాసనో కళ్లు మూసుకుని చెప్పగలను. మార్చిలో మంచు కరిగి మా వెర్మాంట్ రాష్ట్రమంతా మోకాళ్ల దాకా బురదలో తిరుగుతుంటే, వెర్నా వంటింటి నేల మాత్రం అద్దంలా ఉంటుంది. బూట్లతో పాటు సాక్సులు కూడా విప్పమంటుందేమోనని మా పాస్టరుగారు గుమ్మం బయటి నుంచే దీవించి జారుకునేవారు.

నిజానికి ఆవిడ గొర్రెలు పెంచేవాళ్ల ఇంటి పిల్ల. చిన్నప్పుడు వాళ్ల నాన్న మందకి ఈ లోయలో మంచి పేరుండేది. అయినా వెర్నా ఒంటి మీద ఉన్ని పోగు కూడా నేనెన్నడూ చూడలేదు. మైనస్ ఇరవై చలిలోనూ నైలాను కోటే. ఎందుకని అడిగితే, "గుచ్చుకుంటుంది" అనేది. నేను నమ్మేదాన్ని. అందరి ఉత్తరాలూ మోసేదాన్ని, ఎవరి మాటనీ తరచి అడిగే అలవాటు లేదు.

ఇదంతా బయటపడింది ఆవిడ మనవడి చడ్డీ దగ్గర.

వెర్నా కొడుకు డ్వేన్ పాల ట్యాంకరు నడుపుతాడు. కోడలు షెల్బీ వృద్ధాశ్రమంలో నర్సు. వాళ్ల ఐదు నెలల పిల్లాడు ఓటిస్‌కి దుకాణంలో దొరికే డైపర్లు పడలేదు. వేసిన మర్నాటికల్లా తొడలు కందిపోయి పొక్కులు తేలేవి. పాత పద్ధతిలో గుడ్డలు కట్టడం మొదలుపెట్టారు. పగలు గండం గడిచింది. రాత్రి మాత్రం గుడ్డలు ఎన్ని మడతలు వేసినా పక్క తడిసిపోయేది. పైన ప్లాస్టిక్ చడ్డీ తొడిగితే మళ్లీ పొక్కులే.

ఇక్కడ అలాంటి ఇంటికి దారి తెలుసుకుని వచ్చేది లొరేన్. ఆమె సొంత గొర్రెల ఉన్ని వడికి, పసిపిల్లలకి గుడ్డల పైన తొడిగే రాత్రి చడ్డీలు అల్లుతుంది. బిడ్డకి గుడ్డలు కట్టే ఏ ఇంటికైనా రెండు పంపుతుంది. బిడ్డ పక్క తడపడం మానేశాక అవి తిరిగొస్తాయి, ఇంకో ఇంటికి వెళ్తాయి. నడుము పట్టీ లోపల ఒక్కో బిడ్డకీ ఒక్కో రంగు దారంతో ముడి వేస్తుంది. షెల్బీకి ఇచ్చినవాటిలో ఒకదానికి పదకొండు ముడులున్నాయి.

"విను షెల్బీ, వీటిని రోజూ ఉతక్కు" అని అప్పుడే చెప్పింది లొరేన్. "లోపలి గుడ్డ ఉతుక్కో. చడ్డీ మాత్రం పొద్దున్నే కుర్చీ వీపుకి వేసెయ్. సాయంత్రానికి ఆరిపోతుంది, వాసన కూడా ఉండదు. ఆరాక కూడా వాసనొస్తే అప్పుడు గోరువెచ్చని నీళ్లలో జాడించి లానోలిన్ పట్టిద్దాం. మూడు వారాలకోసారి చాలు. లానోలిన్ అంటే ఇంకేం కాదు, గొర్రె ఒంటి జిడ్డే. వానలో గొర్రెని కాపాడేది అదే, మీవాడి పక్కని కాపాడేదీ అదే."

మొదటి రెండు రాత్రులు పిల్లాడి పక్క పొడిగా ఉంది. మూడో రాత్రి నుంచి మొదలు. రాత్రికి మూడుసార్లు తడిసి, లేచి, వీధంతా వినేట్టు ఏడుపు. షెల్బీ సెలవు అయిపోతోంది. సోమవారం నుంచి రాత్రి డ్యూటీ. డ్వేన్ తెల్లవారుజామున నాలుగింటికి ట్యాంకరు ఎక్కాలి, నిద్రలేకుండా ఆ బురదరోడ్ల మీద నడపలేడు. రాత్రి పిల్లాడు నిద్రపోకపోతే షెల్బీ ఉద్యోగం మానుకోవాల్సిందే.

"మీ లొరేన్ చడ్డీ అల్లలేదు, జల్లెడ అల్లింది" అంది షెల్బీ నాతో. కళ్ల కింద నల్లటి గుంటలు. నాకు జాలేసింది, కానీ నోరాగక ఆ మాట లొరేన్‌కి చేరవేశాను. ఉద్యోగం మానేసినా చేరవేసే గుణం పోలేదు.

గురువారం పొద్దున లొరేన్ కారు బురదలో కూరుకుపోతే అక్కడే వదిలేసి, లానోలిన్ డబ్బా చంకన పెట్టుకుని మిగతా దారి నడిచొచ్చింది. అప్పటికి నేను వెర్నా చేతి కాఫీ తాగుతూ డ్వేన్ ఇంట్లోనే ఉన్నాను. వెర్నా రోజూ ఏడింటికల్లా అక్కడికొచ్చి, షెల్బీ ఇంకాస్త పడుకునేలా ఇంటి పనంతా చక్కబెట్టేది.

లొరేన్ చడ్డీ చేతిలోకి తీసుకుని ముక్కుకి ఆనించింది. తర్వాత నా కాఫీ చెంచా తీసుకుని, దాంతో రెండు చుక్కల నీళ్లు దాని మీద పోసింది. నీళ్లు చటుక్కున ఇంకిపోయాయి.

"నా ఇంట్లోంచి వెళ్లినప్పుడు నీళ్లు పోస్తే పైన దొర్లిపోయేవి" అంది. "ఉన్నికి నిమ్మకాయ వాసన ఎక్కడిదే? ఇది పెనం జిడ్డు వదలగొట్టే సబ్బు. రోజూ ఉతుకుతున్నారు దీన్ని."

"నేను ముట్టుకోలేదు. మీరు చెప్పినట్టే కుర్చీకి వేశాను" అంది షెల్బీ.

"నువ్వు కాదని నాకూ తెలుసు. నువ్వైతే మెషిన్లో వేసి ఎలక్కి టోపీ చేసుండేదానివి. ఇది కుంచించుకుపోలేదు, సాగలేదు, ఒక్క పోగు కూడా లేవలేదు. ఉన్ని తెలిసిన చెయ్యి ఇది."

వెర్నా సింకు తుడుస్తోంది. అప్పటికది మూడోసారి.

"నేనే ఉతికాను" అంది వెనక్కి తిరక్కుండా. "నా మనవడి ఒంటికి గొర్రె కంపు అంటనివ్వను."

"కంపేంటే నీ మొహం. పదకొండుమంది తల్లులు వాడారు. ఒక్కరైనా ముక్కు చిట్లించారా?"

"వాళ్లెవరూ నాలాగ మూడో క్లాసులో స్కూలు బస్సెక్కలేదులే." వెర్నా ఇప్పుడు తిరిగింది. మొహం జేవురించి ఉంది. "నేనెక్కితే చాలు, బస్సంతా 'మే... మే...' అని అరిచేది. మొదలెట్టేది నువ్వు. రెండో వరస, కిటికీ పక్క సీటు. ముక్కు మూసుకుని సీటు మారేదానివి."

లొరేన్‌కి ఎవరికైనా ఎదురు సమాధానం నాలుక చివరే ఉంటుంది. ఆ పూట మాత్రం చెంచా నా కప్పులో పెట్టేసింది.

"నాకు గుర్తు లేదు వెర్నా."

"నీకెందుకు గుర్తుంటుంది. అరిచినదానివి నువ్వు, విన్నదాన్ని నేను."

ఆ మాట నాకే గుచ్చుకుంది, లొరేన్ సంగతి చెప్పక్కర్లేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది. "అనే ఉంటాను. ఆ వయసులో నా నోరెలాంటిదో నాకు తెలుసు. తప్పు నాదే. సిగ్గుగా ఉంది."

"యాభై రెండేళ్లు పట్టింది నీకు."

"నువ్వు చెప్పడానికీ అంతే పట్టిందిగా."

వెర్నా పెదవి ఒక పక్కకి వంగింది. అది నవ్వో కాదో నేను ప్రమాణం చెయ్యలేను. పొయ్యి మీద నీళ్ల గిన్నె పెట్టి, "కబుర్లాపి ఆ జిడ్డు డబ్బా ఇలా తే" అంది.

కాగిన నీళ్లలో చెంచాడు లానోలిన్, నాలుగు చుక్కల పసిపిల్లల సబ్బు వేసి గిలక్కొడితే నీళ్లు పాలలా తెల్లబడ్డాయి. లొరేన్ ఆదరాబాదరాగా చడ్డీలు అందులో పడెయ్యబోతే వెర్నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"చల్లారనీ. ముడుచుకుపోతే మళ్లీ నా నెత్తినే వేస్తావు. ముందు లోపలివైపు బయటికి తిప్పు. తడిసేది ఆ వైపేగా."

"ఇవన్నీ నీకెవరు నేర్పారే?"

"నువ్వు పెంచేవి ఎవరి గొర్రెలనుకున్నావు?"

అదీ నిజమే. వెర్నా వాళ్ల నాన్న పెద్దవాడై మంద అమ్మేసినప్పుడు కొన్నది లొరేన్ మొగుడే. ఇప్పుడున్నవి వాటి పిల్లల పిల్లలు.

నీళ్లు గోరువెచ్చగా అయ్యాక చడ్డీలు నాలుగు గంటలు నానాయి. పిండకుండా తువాలులో చుట్టి, దాని మీదెక్కి ఇద్దరూ వంతులవారీగా తొక్కారు. బల్ల మీద పరిచి, పొయ్యికి దూరంగా ఆరబెట్టారు. జిడ్డు పట్టి అంతసేపు నానిన ఉన్ని బురద కాలంలో త్వరగా ఆరదు. శనివారం సాయంత్రానికి గానీ తొడగడానికి వీలు కాలేదు.

ఆదివారం పొద్దున పక్క పొడిగా ఉంది. లోపలి గుడ్డలు తడిసి బరువెక్కాయి గానీ, చడ్డీ పైన కాస్త చెమ్మ తప్ప ఏమీ లేదు. ఓటిస్ ఆరున్నర దాకా లేవలేదు. షెల్బీ నన్ను కావలించుకుని ఏడ్చినంత పని చేసింది. నాకు భయం మాత్రం తీరలేదు. సోమవారం రాత్రి షెల్బీ ఇంట్లో ఉండదు. చడ్డీ ఉంటుంది, సింకు ఉంటుంది, నిమ్మకాయ సబ్బు ఉంటుంది, వాటి మధ్య వెర్నా ఉంటుంది.

సోమవారం సాయంత్రం డోనట్లు పట్టుకుని వెళ్లాను. కాపలాకి వెళ్లానని ఒప్పుకుంటాను. షెల్బీ అప్పుడే బయల్దేరింది. వంటింటి తలుపు సందులోంచి చూస్తే, వెర్నా కుర్చీ మీది చడ్డీ తీసి ముక్కుకి ఆనించి అలాగే నిలబడిపోయింది.

"ఏం, కంపు కొడుతోందా?" అన్నాను.

ఆవిడ ఉలిక్కిపడలేదు. "మా నాన్న కోటు" అంది. "బురద రోజుల్లో నా బూట్లు పాడవకూడదని బస్సు దాకా ఎత్తుకొచ్చేవాడు. గొర్రెల పాక నుంచి వచ్చి, అదే కోటుతో. ఆయన వాసనే నాకంటుకునేది. అంతే. ఇన్నేళ్లూ ఆయన్నే కడుక్కున్నాను."

డోనట్లు బల్ల మీద పెట్టాను. చక్కెర రాలితే వెర్నా వెంటనే గుడ్డతో తుడిచేసింది. తర్వాత ఓటిస్‌ని ఒళ్లో వేసుకుని ఆ చడ్డీ తొడిగింది.

మర్నాడు పొద్దున వెళ్లేసరికి పక్క పొడిగా ఉంది. చడ్డీ కుర్చీ మీద ఆరుతోంది. సబ్బు సీసా సింకు కిందే ఉంది.