కుండీ దాటిన వేరు

జగ్గయ్యపేటలో జాకెట్లు కుట్టే నాగూర్‌బీకి పెళ్లయి పద్దెనిమిదేళ్లు. ఈలోగా నాలుగు అద్దె ఇళ్లు మారింది. ప్రతి ఇంటికీ ఆమె వెంట తప్పకుండా వెళ్లినవి రెండే: కుట్టుమిషను, సిమెంటు కుండీలోని గుండుమల్లె. భర్త జాన్‌బాషా లారీ డ్రైవరు గనక ఎప్పుడూ ఒకరోజు ఆలస్యంగా చేరేవాడు.

అద్దె ఇళ్లలో ఏ కాగితం మీదా లేని చట్టం ఒకటుంది. కుండీలో మొక్క అద్దెవాళ్లది, నేలలో మొక్క ఇంటివాళ్లది. జాన్‌బాషాకు నందిగామలో స్కూలు బస్సు ఉద్యోగం దొరికి, మే నెలలో సామాను ఆటో ఎక్కిస్తున్న రోజున ఆ చట్టం చిక్కులో పడింది. కుండీ కదల్లేదు. అడుగు చిల్లులోంచి బొటనవేలంత వేరు నేలలోకి దిగిపోయి ఉంది.

ఇంటి యజమాని వీరరాఘవయ్య రెవెన్యూలో రిటైరైన మనిషి. కళ్లజోడు సర్దుకుని, వంగి, సరిహద్దు తగాదా విచారించినట్టు విచారించాడు.

"నేల్లోకి దిగిందమ్మా. ఇంకది ఇంటిదే."

"కుండీ నాదేగా బాబాయ్‌గారూ!"

"కుండీ తీసుకెళ్లు. నేను కాదన్నానా?"

ఈ తీర్పు వెనక ఆయన భార్య రత్తమ్మ జడ ఉంది. ఆరేళ్లుగా ప్రతి వేసవి సాయంత్రం నాగూర్‌బీ కట్టిచ్చే మూరెడు మల్లెలు అందులోకే వెళ్తున్నాయి. ఆవిడ గుమ్మంలో నిలబడి ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది.

"వేరు కోస్తే ఈ ఎండకి చచ్చిపోద్ది. మొగ్గమీదుంది, ఆలోచించుకో" అన్నాడాయన.

ఆటోవాడు రెండోసారి హారన్ కొట్టాడు.

"పోనీ ఇంకోటి కొందాం" అన్నాడు జాన్‌బాషా. భార్య చూసిన చూపుకు, "ఊరికే అన్నాలే" అంటూ తాడు బిగించడానికి వెళ్లాడు.

నాగూర్‌బీ మిషను పెట్టెలోంచి కత్తెర తీసింది. బట్టకు తప్ప కాగితానికైనా తగలనివ్వని కత్తెర. కుండీ కిందికి చెయ్యి దూర్చింది. మూడు పట్లు పడితేగాని వేరు తెగలేదు.

"నేల్లో ఉన్నది మీరే ఉంచుకోండి బాబాయ్‌గారూ."

నందిగామ చేరేసరికి ఆకులు వేలాడాయి. మూడోరోజుకు మొగ్గలన్నీ రాలాయి. ఆమె ఆకులు దూసేసి, కొమ్మలు సగానికి కత్తిరించి, కుండీకి తడిగోనె చుట్టి నీడలో పెట్టింది. రోజూ తెల్లారగానే కొమ్మల్ని గోటితో గీరి లోపలి పచ్చదనం వెతికేది. పదోనాటికి మూడు కొమ్మలు ఎండాయి. పదిహేనోనాటికి ఒక్కటే మిగిలింది.

రత్తమ్మ ఫోన్ చేసింది. "బతికిందా?"

"తెలీట్లేదు పిన్నిగారూ."

"బతికితే నాకో కొమ్మ అంటుతొక్కి పంపవే."

పందొమ్మిదో ఉదయం ఆ చివరి కొమ్మ కణుపు దగ్గర ఆవగింజంత పచ్చన కనిపించింది. నాగూర్‌బీ ఎవర్నీ పిలవలేదు. కుండీని పక్కకు ఒరగదీసి, అడుగు చిల్లు తడిమింది.

కొత్త ఇంటి యజమానురాలు భారతీదేవి మేడమీంచి తొంగిచూసింది. "పొద్దున్నే ఆ బరువుతో ఏంటమ్మా?"

"వేళ్లు నేల్లోకి దిగాయేమో చూసుకుంటున్నానండి" అంది నాగూర్‌బీ.