మా తమ్ముడి రెక్కీ

మా తమ్ముడు పోయాడు. కోరుట్ల నుంచి మరదలు ఫోన్ చేసి "వదినా, ఇగ లేడు" అంది. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. సిరిసిల్ల నుంచి పడుతూ లేస్తూ వెళ్లానే కానీ, నన్ను కడుపారా ఏడవనివ్వలేదు ఆ జనం. వాకిట్లో ఒకటే గుసగుసలు. "పోయిన వారం జగిత్యాలల రెక్కీ చేసిండట. ఫోన్లల్ల ఫొటో తిరుగుతుంది."

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. రెక్కీ అనే ఆ మాట సంగతి మీరే తేల్చండి.

తమ్ముడు మిలిటరీ నుంచి మొదటిసారి సెలవు మీద వచ్చి "అక్కా, రెక్కీకి పోయొస్త" అన్నాడు. నేను రెక్కల కష్టం అనుకున్నాను. "గీడికొచ్చి గూడ కూలికేంది తమ్మీ?" అంటే పడీ పడీ నవ్వాడు.

"రెక్కలు గాదే అక్కా! ఫౌజు కదలకముందు ఒకడు పోయి తొవ్వ చూసొస్తడు. నీళ్లెక్కడున్నయి, వాగెంత లోతున్నది. గది రెక్కీ."

ఉద్యోగం మానినా ఆ మాట మానలేదు. పెళ్లికి పిలిస్తే ముందురోజే వెళ్లి పందిట్లో నీడ ఎటు పడుతుందో చూసి వచ్చేవాడు. "చూడకుంట అడుగేస్తే అడుగే పోతది" అనేవాడు. "స్వర్గానికి గూడ ముందుగాల రెక్కీకే పోతవు నువ్వు" అని మరదలు దెప్పేది. ఇప్పుడు తనే ఆ మాట తలచుకుని నెత్తి కొట్టుకుంటోంది.

మరి టీవీలో దొంగలు రెక్కీ చేశారంటారు, హంతకులు రెక్కీ చేశారంటారు. ఒక్కటే మాట ఫౌజువాడికీ దొంగకూ ఎట్లా సరిపోయింది? నాకు అనుమానం తమ్ముడి మీద కాదు, ఆ మాట మీద.

దినాలు కాగానే మనవరాలిని వెంటబెట్టుకుని జగిత్యాల వెళ్లాను. ఫొటో తీసి గ్రూపులో పెట్టిన కిరాణా దుకాణం ఆయన దొరికాడు.

"ఏమయ్యా, మా తమ్ముడు నీకు దొంగ లెక్క అగుపడ్డడా?"

"నేననలేదమ్మా! ఏం చేస్తున్నవు పెద్దమనిషీ అంటే, ఆయనే రెక్కీ చేస్తున్న అన్నడు. గా మెట్లు ఎక్కుడు, దిగుడు, మల్ల ఎక్కుడు. రేలింగు పట్టి ఊపి చూసుడు. ఎవలికైన డౌటొస్తది గదా?"

మెట్ల పైన ఎముకల డాక్టరు బోర్డు ఉందని మనవరాలు చదివి చెప్పింది. నా మోకాళ్లు చూపిస్తానని తమ్ముడు చెప్పిన డాక్టరే. "ముందుగాల నేను చూసొస్త, ఎనుక నువ్వు రా" అన్నాడు నాతో.

ఆ సంగతి చెబితే దుకాణం ఆయన తల వంచుకున్నాడు. "ఫొటో తీసేస్తనమ్మా."

"తీసేసుడు కాదు. గీయన దొంగ కాదు, అక్క కోసం తొవ్వ చూడ వచ్చిండని గా గ్రూపులనే పెట్టు. ముందు నన్ను చూడనీ."

ఫోన్ చేతికిచ్చాడు. చివరి దాకా సైకిల్ తొక్కిన మనిషి మా తమ్ముడు. అందులో మాత్రం రెండు చేతులా రేలింగు పట్టుకుని, పక్కకు తిరిగి, ఒకే మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి, అచ్చం నేను ఎక్కినట్టే ఎక్కుతున్నాడు.