తీగ విప్పని విల్లో

ఫిబ్రవరి పంతొమ్మిది, బుధవారం. పొద్దున మంచు, తర్వాత పొడి ఎండ. విల్లో చెట్టు తొట్టిలో నీళ్లు మార్చాను, అంచున పాచి గీకాను. కుప్పం ఆసుపత్రిలో వైండింగ్ మామ పోయారు.

ఆ రోజు నా రోజుపుస్తకంలో ఉన్నది ఇంతే. నేను మదనపల్లె టమాటా మండీలో తూకాలు రాసే మనిషిని. ఐదో తరగతితో బడి ఆగిపోయింది. రాత మండీ చీటీల మీద నేర్చుకున్నదే. ఇంటికొచ్చాక కూడా ఒక పుస్తకంలో రెండు వాక్యాలు రాసుకుంటాను: ఎండో మబ్బో, ఏం పని చేశానో. అంతకు మించి రాసే అలవాటు లేదు. మామ గురించి నాలుగు మాటలు రాయమని మా వరస ఇళ్లవాళ్లు అడిగితే ఈ కాగితాల ముందు కూర్చున్నాను.

మామ నాకు చుట్టం కాదు. వాళ్లు సాయిబులు. పక్క పోర్షన్‌లో ముందు గదిలో షాపు, వెనక రెండు గదుల్లో కాపురం. పెరడు మా రెండిళ్లకూ ఒకటే. సదుం, పెద్దపంజాణి వైపు రైతులు కాలిపోయిన బోరు మోటార్లు తెస్తే విప్పి, కొత్త రాగి తీగ చుట్టి ఇచ్చేవారు. ఆయన్ని నేను మామా అంటే, ఆయన భార్య అత్త అయింది. ఎవరూ నేర్పలేదు, అట్లా కుదిరిపోయింది.

పద్నాలుగేళ్ల కిందట వానల్లో, ఉత్తరాదిలో టమాటాలు దించి తిరిగొచ్చిన లారీ ఒకటి షాపు ముందు ఆగింది. వెనక తలుపు గొలుసుకు బోల్టు పోతే డ్రైవరు దారిలో ఎక్కడో కాలవ గట్టున పచ్చి కొమ్మ విరిచి దూర్చుకున్నాడు. మామ బోల్టు వెతికిచ్చి, ఆ పుల్లను మోటార్లు పరీక్షించే నీళ్ల తొట్టిలో పడేశారు. వారం తర్వాత నన్ను కేకేశారు.

"సూడప్పా, బోల్టుకు యేర్లొచ్చినాయి!"

తెల్లటి వేళ్లు, సేమ్యా లాగా. దాని పేరు విల్లో అని తర్వాత బెంగళూరు నర్సరీ అతనెవరో చెప్పాడు. నేలలో పెడితే గోడ పగలగొడుతుందనీ, బోరు దాకా వేళ్లు పంపుతుందనీ కూడా చెప్పాడు. మామ పెరటి గోడ వైపు చూసి, అయితే దీన్ని పెద్దది కానివ్వనన్నారు. కూతుర్ని ఇచ్చింది కుప్పంలో. అక్కడి రాతి పనివాళ్ల దగ్గర, అంచు పగిలి ఎవరూ కొనని గ్రానైటు తొట్టి ఒకటి తెచ్చారు. లోతు జానెడు. నలుగురు పట్టుకుంటే గానీ లేవదు. అందులో మట్టి పోసి, మీద నీళ్లు నిలిచేలా పెట్టారు.

తొట్టిలో చెట్టు పెంచేవాళ్లు చాలామంది మర్రినీ రావినీ పెంచుతారు. అవి ఓపికున్నవి. నెల రోజులు చూడకపోయినా ఉన్నచోటే ఉంటాయి. విల్లో అట్లా కాదు. వారంలో బెత్తెడు పెరుగుతుంది. ఎండాకాలం రోజుకు రెండుసార్లు తొట్టి నింపాలి. డిసెంబరు చలిలో కొమ్మలన్నీ మొండేనికి కోసేయాలి. కోస్తే చచ్చిపోయిందని అనుకుంటాం. రెండు మూడు వారాల్లో మొండెం నిండా మొటిమల్లాంటి చిగుళ్లు. వాటిలో కావలసిన నాలుగైదు ఉంచి మిగతావి గోటితో గిల్లాలి.

ఇంకో సంగతి మామే కనిపెట్టారు. పెద్ద చెట్టుకు కొమ్మలు వాటి బరువుకే కిందికి వాలతాయి. చిన్నదానికి బరువుండదు కాబట్టి కొత్త కొమ్మ నిటారుగా పైకే పోతుంది. దాన్ని వాల్చాలంటే తీగ చుట్టి వంచాలి. ఆయన దగ్గర తీగకు కొదవేముంది? కాలిపోయిన మోటారులోంచి తీసిన రాగిని మళ్ళీ నిప్పుల్లో వేసి చల్లార్చేవారు. మెత్తగా, నల్లగా, చెప్పినట్టు వంగేది.

"ఒక్కసారే అప్పా. ఒకసారి వంచిన రాగి గట్టిపడిపోతాది. అదే తీగను రెండో కొమ్మకు చుట్టినావంటే కొమ్మ ఇరుగుతాది."

ఆ చుట్టడం చూడాలి. మోటారుకు చుట్టిన చేతులు గదా, ఒక చుట్టుకూ ఇంకో చుట్టుకూ మధ్య ఎడం వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు. ఒకసారి సదుం రైతు ఒకాయన మోటారు కోసం వచ్చి పెరటి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏం మామా, ఆడ నా తోట ఎండతాంటే నువ్వీడ చెట్టుకు జడేస్తా కూచున్నావా?"

"నీ తోటకు నువ్వుండావు, నీ పెండ్లాముండాది, నలుగురు కూలోళ్లుండారు. దీనికి నేనొక్కణ్ణే కదప్పా."

"జడేసినాక పూలు కూడా పెడతావా?"

"నువ్వు తెచ్చిస్తే పెడతా. మోటారు రేపు."

ఆ రైతుకు మోటారుతో పాటు ఒక విల్లో పుల్ల కూడా ఇచ్చి పంపారు. కోసిన కొమ్మలు పారేయడానికి ఆయనకు చేతులు రావు. నీళ్లలో వేసి, వేళ్లు రాగానే మోటారు పట్టుకుపోయేవాళ్ల చేతిలో ఒకటి పెట్టేవారు. నాకు తెలిసి ఆ పల్లెల్లో ఒక్కటీ మే నెల దాటలేదు. ఏ యేటికాయేడు అడిగి తెలుసుకునేవారు, మళ్ళీ ఇచ్చేవారు.

చెట్టు లెక్క నేను రాయాలని పెట్టారు. ఆయనకు ఉర్దూ రాత వచ్చు, తెలుగు రాదు. ప్రతి ఆదివారం కొమ్మల పొడవు జానలతో కొలిచి చెప్పేవారు, నేను ఎక్కించేవాణ్ణి. ఒక నియమం ఉండేది. కోసినాకే రాయాలి. రేపు కోస్తామని రాయకూడదు. "రాసినామని కోస్తే తప్పు కొమ్మ కోస్తాం," అనేవారు.

విల్లోకు ఒక చెడ్డ గుణం ఉంది. బాగున్న కొమ్మను ఉన్నట్టుండి వదిలేస్తుంది. నీళ్లున్నాయి, పురుగు లేదు, తెల్లారి చూస్తే కొమ్మ మొత్తం ఎండిపోయి ఉంటుంది. ఒక ఏడు ఎడమవైపు పెద్ద కొమ్మ, ఆరేళ్లు పెంచింది, అట్లాగే పోయింది. నేను పుస్తకం పట్టుకుని అడిగాను.

"యాల ఎండింది మామా?"

"యాలని అడగొద్దు. ఎండిందని రాయి."

రాశాను. ఆ రోజంతా ఆయన షాపు తెరవలేదు.

ఈ జనవరి మొదట్లో మూడు కొత్త కొమ్మలకు తీగ చుట్టారు. మామూలుగా నెల తిరక్కుండా విప్పేయాలి. అది లావెక్కే వేగానికి తీగ బెరడులోకి దిగిపోతుంది. విప్పడం అంటే వెనక్కి తిప్పడం కాదు, చిన్న ప్లయర్‌తో చుట్టు చుట్టుగా తుంచి తీయడం. నెల చివర ఆయనకు ఆయాసం ఎక్కువై, కూతురు వచ్చి కుప్పం తీసుకుపోయింది. కారెక్కుతూ నాతో అన్నవి రెండు మాటలు.

"నీళ్లు తప్పొద్దు. నేనొచ్చేదాకా కత్తెర పెట్టొద్దు."

పది రోజుల తర్వాత ఆసుపత్రికి పోయాను. ముక్కులో గొట్టం. నన్ను చూసి వేలెత్తారు.

"నీళ్లు?"

"మారుస్తాండాను మామా."

"కత్తెర?"

"పెట్టలేదు."

ఆయన కళ్లు మూసుకున్నారు. మొహం నిమ్మళంగా అయింది. అంతకు ముందు ఆదివారమే నేను చూశాను, మూడో కొమ్మ మధ్యలో తీగ బెరడులో దిగబడడం మొదలైంది. ఆ మాట నాలుక చివర దాకా వచ్చింది. అనలేదు. ఆ మనిషిని ఆ స్థితిలో కంగారు పెట్టడం ఎందుకనుకున్నాను. తీగ దిగుతాండాది మామా అని ఒక్క మాట అని ఉంటే, తుంచి తీసేయమని చెప్పేవారు. నేను ఎప్పుడూ తక్కువ మాట్లాడే మనిషిని. అదేదో మంచి గుణమని అందరూ అంటుంటే నేనూ నమ్ముతూ వచ్చాను.

ఆయన్ని మట్టి చేసింది పుంగనూరులో. వాళ్ల పెద్దలంతా అక్కడే ఉన్నారు. అందరితో పాటు నేనూ మూడు దోసిళ్లు వేశాను. వేశాక వంగి, మట్టిలో బొరియలు మిగలకుండా వేళ్లతో అదుముతున్నానట. ఏటా తొట్టిలో మట్టి మార్చేటప్పుడు వేళ్ల సందుల్లోకి మట్టి అట్లాగే అదమమని ఆయన నేర్పారు. పక్కనున్న పెద్దాయన భుజం పట్టి లేపి, "చాలప్పా," అన్నాడు.

మూడో రోజు కుప్పం పోయాను. అత్త అక్కడే కూతురింట్లో ఇద్దత్‌లో కూర్చుంది. భర్త పోయినామె నాలుగు నెలల పది రోజులు ఇల్లు కదలదు, పరాయి మగవాళ్ల కంట పడదు. అల్లుడు నన్ను ముందు గదిలో కూర్చోబెట్టాడు. తలుపు తెర వెనక నుంచి గొంతు వచ్చింది.

"చెట్టు ఎట్లుండాది?"

"బాగుండాదత్తా."

"దాని మీద నీ కత్తెర పెట్టొద్దప్పా. ఆయన కోసిన కోత, ఆయన చుట్టిన చుట్టు. నేనొచ్చి ఒకసారి కండ్లారా సూసేదాకా అట్లే ఉండనీ."

సరే అన్నాను.

ఆ రోజు నుంచి విల్లో పెరుగుతూనే ఉంది. మార్చి నెలంతా కొమ్మలు నేలకు దిగి, గచ్చు మీద పాకాయి. పైనున్నవి ఎండను మింగేస్తే లోపలి సన్న కొమ్మలు నీడలో ఒక్కొక్కటే ఎండాయి. పొద్దున నింపిన తొట్టి పన్నెండుకే ఖాళీ. మండీలో తూకం మధ్యలో పరిగెత్తుకొచ్చి నీళ్లు పోసి పోతున్నాను. "ఇంట్లో బాలింత ఉండాదా అన్నా?" అని హమాలీలు నవ్వుతారు. తీగ కొన్నిచోట్ల కనిపిస్తుంది, కొన్నిచోట్ల బెరడు పెదవుల్లా దాని మీద మూసుకుంది. కోయకపోతే చెట్టు ఈ మే నెల దాటదు. కోస్తే అత్త వచ్చి చూసేది నా కోత. నాకు రెండూ తెలుసు.

టెంపోలో ఎక్కించి కుప్పం తీసుకుపోదామా అని కూడా చూశాను. తొట్టి అంచు పగులు ఈ ఏడు అడుగు దాకా పాకింది. లేపితే రెండు ముక్కలవుతుంది. ఈ ఎండల్లో వేళ్లు పెకిలిస్తే చెట్టు దక్కదు. ఆమె ఈడకు వచ్చేట్టు లేదు, ఇది ఆడకు పోయేట్టు లేదు.

రంజాన్ పండగ దాటిన వారం మళ్ళీ కుప్పం పోయాను. అదే కుర్చీ, అదే తెర.

"చెట్టు ఎట్లుండాది?"

"బాగాలేదత్తా."

తెర వెనక గాజుల చప్పుడు లేకుండా దేన్నో సర్దిన అలికిడి. ఫోనులో ఫోటో ఉంది, పిల్లలతో లోపలికి పంపుతానన్నాను.

"ఫోటో వద్దు. ఫోటోలో మనిషిని సూస్తానే ఉండా. చెట్టునన్నా ఎదురుగా సూడనీ."

నేను అంతా చెప్పాను. పాకిన కొమ్మలు, ఎండిన లోపలి కొమ్మలు, తీగ. ఆసుపత్రిలో ఆయనకు చెప్పని మాట కూడా చెప్పాను. నా జన్మలో ఒక్క గుక్కలో అంత మాట్లాడింది లేదు. ఆమె అడిగింది.

"ఆయన ఉండంగా ఎంత పొడుగు ఉండిందో నీ పుస్తకంలో ఉండాదా?"

"ఉండాదత్తా. ఆయన కుప్పం పోకముందు ఆదివారం కొలత."

"అయితే దాని కాడికి కోసుకో. ఆ పైన పెరిగింది ఆయన సూసింది కాదు. తీగ మాత్రం ముట్టొద్దు. ఆయన చుట్టు నేనొచ్చి ఇప్పుతా."

"ఇంకా రెండున్నర నెలలుండాది అత్తా. అప్పటికి..."

"నాకు తెలీదా అప్పా లెక్క?"

అల్లుడు బస్టాండు దాకా వచ్చాడు. మదనపల్లె దాకా బస్సులో నా ఒళ్ళో ఆమె ఇచ్చిన సేమ్యా డబ్బా.

ఇవాళ పొద్దున పుస్తకం తెరిచి జనవరి ఇరవై ఆరు ఆదివారం పేజీ తీసి తొట్టి పక్కన పెట్టుకున్నాను. గాలికి పేజీ లేవకుండా దాని మీద పెట్టడానికి ఏదైనా ఉందా అని చూస్తే, తొట్టి అంచున మామ చిన్న ప్లయర్ ఉంది. జనవరిలో ఆయన పెట్టినచోటే ఉంది. కింద రాతి మీద తుప్పు దాని ఆకారంలో పడింది. మూడో కొమ్మను చేత్తో పైకెత్తాను. అడుగు నుంచి మూడు చుట్లు నల్లగా కనబడుతున్నాయి, అదే ఎడం, వెంట్రుకవాసి తేడా లేదు. నాలుగోది సగం లోపలికి పోయింది. ఐదోది లేదు. అది ఉండాల్సినచోట బెరడు మీద ఒక గీత ఉంది.

ఏప్రిల్ పదమూడు, ఆదివారం. పొద్దుటి నుంచే ఎండ, గాలి కొంచెం. తొట్టి రెండుసార్లు నింపాను. కత్తెర నూరాను. మొదటి కొమ్మ రెండు జానలకు, రెండోది జానెడున్నరకు కోశాను. మూడో కొమ్మ, అడుగు నుంచి నాలుగో చుట్టు దగ్గర అని రాసి ఆపాను. ఇంకా కోయలేదు.