గీతకు దూరంగా పడిన చుక్క

ఎవరికీ చెప్పని మాట ఒకటి పోయిన వారం దాకా, కొన్నేళ్ల పాటు నాలో ఉంది. మంచినీళ్ల గ్లాసు ఎత్తిన ప్రతిసారీ గొంతు దగ్గర అడ్డం పడేది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

నాది అనకాపల్లి. నీళ్లలో సీసం లాంటి లోహాలను పట్టే చిన్న పట్టీల మీద పరిశోధన చేశాను. పెన్సిల్ ములుకులో ఉండే కర్బనాన్నే ఒక్క అణువు మందాన పొరగా విడదీస్తే గ్రాఫీన్ అవుతుంది. దాన్ని పట్టీ మీద పూస్తాం. నీళ్లలో సీసం ఉంటే ఆ పొరకు అంటుకుంటుంది, మీటరులో అంకె పెరుగుతుంది. బోరు దగ్గరే నిలబడి చూసుకోవచ్చు. అయితే పట్టీ మాట నమ్మాలంటే అవే నీళ్లను ల్యాబులో పెద్ద యంత్రం మీద కూడా చూడాలి. రెండు అంకెలూ కలవాలి.

కోటవురట్ల వైపు ఒక ఊళ్లో, ఒకప్పుడు పాత బ్యాటరీలు పగలగొట్టే షెడ్డు ఉన్న చోటికి దగ్గర్లో, మేరమ్మగారి బోరు ఉంది. ఊళ్లో మిగతా చోట్ల అంకె కిందే ఉంది. అక్కడ మాత్రం పైకి పోయింది. ఇంకో పట్టీ పెట్టాను. మళ్లీ అంతే.

మేరమ్మగారు బిందె పక్కన పెట్టి చూస్తున్నారు.

“ఏటి బాబూ, నీ కాయితమ్ముక్క మా నీళ్ల మీద సాడీలు సెప్తందా?”

“ఇప్పుడే చెప్పలేనమ్మా. ల్యాబులో చూసి ఫోన్ చేస్తాను.”

“నువ్వు సేసిందే కదా. దానికి నువ్వు సదువు సెప్పనేదా ఏటి?” అని నవ్వారు. తర్వాత గొంతు తగ్గించారు. “మా కోడలు కడుపుతో ఉంది. తాగొచ్చో నేదో నిజిం సెప్పు. వద్దంటే కుళాయికాడికెల్లి తెచ్చుకుంతాం.”

“తప్పకుండా చెప్తానమ్మా,” అన్నాను.

లోహాల పరీక్షకు తీసుకునే నీళ్లలో కొన్ని చుక్కల నైట్రిక్ ఆమ్లం అక్కడికక్కడే వేయాలి. లేకపోతే సీసం బాటిల్ గోడలకు అంటుకుపోతుంది, నీళ్లలో మిగలదు. ఈ పనిలో మొదట నేర్పేది ఇదే. ఆ రోజు ఆమ్లం ల్యాబులో మరిచిపోయి వెళ్లాను. తిరిగొచ్చాక వేద్దామనుకున్నాను. అదీ మరిచిపోయాను.

యంత్రం ఆ నీళ్లలో సీసం దాదాపు లేదంది. మిగతా బోర్లలో అసలే తక్కువ కాబట్టి అక్కడ రెండు అంకెలూ కలిశాయి. మేరమ్మగారిది మాత్రం ఆ రెండింటినీ పోల్చే గ్రాఫులో గీతకు దూరంగా ఒక చుక్కగా పడింది. పట్టీ పూతలో లోపమని రాసి, ఆ చుక్క తీసేశాను. గీత చక్కగా వచ్చింది. ఆమెకు ఫోన్ చేసి, తాగొచ్చని చెప్పాను.

ఇంతవరకూ పొరపాటు. తప్పు ఆ తర్వాతది.

ఈ పట్టీల మీద నేను రాసిన పరిశోధన వ్యాసం అచ్చయ్యాక ఒక రోజు పాత బాటిళ్లు ఆమ్లంతో కడుగుతున్నాను. మేరమ్మగారి పేరు రాసిన ఖాళీ బాటిల్ చేతికొచ్చింది. ఎందుకో, దాన్ని కడిగిన నీళ్లలో పట్టీ పెట్టి చూశాను. అంకె పైకి పోయింది. గోడలకు అంటుకున్న సీసం. పట్టీ నిజమే చెప్పింది. చేసినవాడే దాన్ని నమ్మలేదు.

అప్పుడే ఫోన్ చేయాల్సింది. ఎందుకు చేయలేదు? ఒక్క బాటిల్‌తో ఏం తేలుతుందని నాకు నేనే చెప్పుకున్నాను. మళ్లీ వెళ్లి నీళ్లు తెస్తే తేలిపోయేది. తేలుతుందనే వెళ్లలేదు. వెళ్తే ఆమ్లం మరిచానని, నాతో పరిశోధన చేయించిన సారుకు చెప్పాలి, అచ్చయినదాన్ని సరిదిద్దాలి. సరిదిద్దితే నా పట్టీకి పేరే వచ్చేది. పోయేదల్లా నేను జాగ్రత్తపరుణ్నన్న పేరు. సీసానికి రుచి లేదు, వాసన లేదు. కడుపులో ఉన్న బిడ్డ మెదడును అది దెబ్బతీయగలదని నాకు తెలుసు. తెలిసే నోరు మూసుకున్నాను. ఈ వాక్యాన్ని ఇంతకంటే మెత్తగా రాయాలని చూశాను. కుదరలేదు.

పోయిన వారం వెళ్లాను. అదే బోరు, అదే అంకె. ఈసారి యంత్రం కోసం ఆగలేదు. బోరు దగ్గరే నిలబడి మొత్తం చెప్పాను.

“అప్పుడు నీకు తెల్సా?” అని అడిగారు మేరమ్మగారు.

“ఫోన్ చేసినప్పుడు తెలీదమ్మా. తర్వాత తెలిసింది.”

ఆమె నిండిన బిందెను నేల మీదకు వంచేశారు. గుమ్మంలో మనవడి చేతిలో ఉన్న గ్లాసును కోడలు మెల్లగా తీసుకుంది. బడికెళ్లే వయసొచ్చింది వాడికి. రక్తపరీక్ష చేయించాలని, ఆస్పత్రికి నేను తీసుకెళ్తానని అన్నాను.

“మేవే ఎల్తాం,” అన్నారు, నావైపు చూడకుండా.

ఇంటికొచ్చి సారుకు కూడా అంతా రాశాను. ఆ పూట భోజనం దగ్గర గ్లాసు ఎత్తితే నీళ్లు గొంతులో అడ్డం పడకుండా దిగాయి. దిగినందుకు సిగ్గేసింది.