ఆయా పట్టిన బొటనవేలు

స్కానింగ్ గొట్టంలోకి వెళ్లాలంటే పై ప్రాణాలు పైనే పోయేవాళ్ల కాలి బొటనవేలు పట్టుకుని నిలబడటం ఆ ఆసుపత్రి ఆయాకు అలవాటు. గాజులు తీసి బయట మేకుకు తగిలిస్తుంది, చెవుల్లో దూది కుక్కుకుంటుంది. "నేనిక్కడే పట్టుకుని ఉంటాగా, కళ్లు మూసుకో నాయనా" అంటుంది. డాక్టర్లు ఎంత చెప్పినా తగ్గని వణుకు ఆమె పట్టుకోగానే తగ్గేది. ఆ రోజు మెట్ల మీద కూలబడ్డాడని వెన్నెముక స్కానుకు తెచ్చిన లారీ డ్రైవరు మాత్రం అరగంటసేపూ లోపల ఏడుస్తూనే ఉన్నాడు. ఆమె ఇంకా గట్టిగా పట్టుకుంది. బల్ల బయటికి రాగానే అతను పైకప్పుకేసి చూస్తూ అడిగాడు: "పట్టుకునే ఉంటానని చెప్పి ఎప్పుడు వదిలేశావమ్మా?"

అతని బొటనవేలు ఇంకా ఆమె పిడికిట్లోనే ఉంది.