పాతరలో ఉరుము

జకరయ్య చెవులు పెద్దవేమీ కావు గానీ, వాటి మీద ఆయనకున్న గర్వం మాత్రం ఆళ్లగడ్డ బస్టాండులో పట్టేది కాదు. రెండు వీధుల అవతల మోగే హారను విని "దాని లోపల రేకు పగిలింది" అనేవాడు. పోయి చూస్తే పగిలే ఉండేది. 1989లో మైకు సెట్టు కొట్టు పెట్టినప్పటి నుంచి ఊళ్లో పెళ్లయినా, చర్చిలో ఉజ్జీవ కూడికలైనా, తిరునాళ్లయినా హారన్లు ఆయనవే కట్టాలి. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అన్న సామెత ఆయన కోసమే పుట్టిందేమో అనిపించేది. ఊరంతా మోగించే మనిషి ఇంట్లో రేడియో గరగరలాడుతుంటే భార్య నిర్మల దాని నెత్తిన ఒకటి మొట్టి వార్తలు వినేది.

ఆ నిర్మల తమ్ముడే అజయ్ కుమార్. డిగ్రీ తప్పి ఏమీ తోచక, 1993లో అక్క ఇంటికొచ్చి బావ కొట్లో కూర్చున్నాడు. వైర్లు కలపడం, వేడి కడ్డీతో అతుకులు వేయడం, హారను ఏ మూలకు తిప్పితే ఎంత దూరం వినపడుతుందో చూసుకోవడం, అన్నీ జకరయ్యే నేర్పాడు. అజయ్ ఆరేళ్లుండి నంద్యాలకు పోయాడు. ఒక టీవీల షాపులో పనిచేసి, ఆ తర్వాత సంజీవనగర్ గేటు దగ్గర సొంతంగా హోం థియేటర్ల షాపు తెరిచాడు. అద్దాల తలుపు, చల్లగాలి మిషను, లోపలికి పోవాలంటే చెప్పులు బయట విడవాలి.

అప్పటి నుంచి జకరయ్యకు అన్నం అరగడం మానేసింది. మనిషి చెడ్డవాడు కాదు. ఎవరికైనా జ్వరమొస్తే ఆస్పత్రికి తీసుకుపోయే రకం. కానీ బామ్మర్ది పేరు వింటే చాలు, కడుపులో ఎండుమిరపకాయలు వేయించినట్టుండేది. నిర్మలకు ఆ సంగతి తెలుసు. తెలిసీ ఊరుకునేది కాదు.

"మా అజయ్ షాపులో ఈ దినం కలెక్టరాఫీసు వాళ్లు దిగినారంట."

"దిగనీ. చెప్పులు బయట ఇడిసినారా?"

"ఏందప్పా, ఎప్పుడూ ఆ చెప్పుల మీదనే పడి సస్తావ్?"

చెప్పుల సంగతి కాదు. తన దగ్గర అతుకు వేయడం నేర్చినవాడి ముందు కలెక్టరాఫీసు వాళ్లు ఉత్త కాళ్లతో నిలబడటం ఆయనకు మింగుడు పడలేదు. తాను మాత్రం ఇంకా నిచ్చెన భుజాన వేసుకుని వేపచెట్లెక్కుతున్నాడు.

2004 వేసవిలో అసలు దెబ్బ తగిలింది. ఎరువుల వ్యాపారి గురుస్వామి ఆళ్లగడ్డలోనే రెండంతస్తుల ఇల్లు కట్టాడు. ఆయన ఇంట మూడు పెళ్లిళ్లకూ జకరయ్యే మైకు కట్టాడు. అలాంటి గురుస్వామి ఇంటికి, నంద్యాల నుంచి వచ్చిన ఆటో ఒకటి జకరయ్య కొట్టు ముందు నుంచే పోయింది. దాని నిండా అట్టపెట్టెలు, వాటి మీద అజయ్. చెయ్యి ఊపి మరీ పోయాడు.

పోకూడదనుకున్నాడు జకరయ్య. పది నిమిషాలు అనుకుని, తర్వాత పోయాడు.

హాలంతా అద్దం లాంటి రాతి నేల. టీవీకి అటొకటి ఇటొకటి, మధ్యలో ఒకటి, సోఫా వెనక రెండు స్పీకర్లు అప్పటికే పెట్టాడు అజయ్. బరువైన మోత పలికే పెద్ద డబ్బా ఒకటి మిగిలింది. సబ్ ఊఫర్ అంటారు దాన్ని. దాన్ని తీసుకుపోయి ఏకంగా గురుస్వామి కూర్చునే సోఫా మీద కూర్చోబెట్టాడు. పాట పెట్టి, తాను నేల మీద పడి, చేతుల మీదా మోకాళ్ల మీదా గోడ వారగా పాకడం మొదలుపెట్టాడు. చెవి నేలకు ఆనిస్తాడు, ఇంకో రెండడుగులు పాకుతాడు.

జకరయ్యకు నవ్వాగలేదు. "ఏందిరా అబ్బీ, ఉంగరం పోయిందా?"

"లే బావా. మనం కూచునే తావులో డబ్బా పెట్టి, యాడ మోత నిండుగా వినపడితే ఆడ డబ్బాను పెట్టాల. ఇదీ లెక్క."

కిటికీ పక్క మూల దగ్గర ఆగాడు. డబ్బాను అక్కడికి చేర్చి గురుస్వామిని సోఫాలో కూర్చోబెట్టాడు. ఒక సీడీ వేశాడు. ముందు వాన చప్పుడు, తర్వాత ఉరుము. ఆ ఉరుము జకరయ్య అరికాళ్ల నుంచి ఎక్కి గుండె దగ్గర ఆగింది. పదిహేనేళ్ల పనిలో అంత శుభ్రమైన చప్పుడు ఆయన వినలేదు. బాగుంది, చాలా బాగుంది, అందుకే ఒళ్లు మండింది. అజయ్ ఆయన ముఖంలోకే చూస్తున్నాడు.

"ఇది డబ్బాలో ఉరుమప్పా," అన్నాడు జకరయ్య. "నేను కడితే ఊరు ఉరుముతాది. వచ్చే ఆదివారం కూడిక అయినాంక మా ఇంటికి రా, వినిపిస్తా. ఆ సీడీ ఈడియ్."

మాటైతే అన్నాడు. ఇంటికొచ్చాక గానీ తెలియలేదు, హారన్లు కాక తన దగ్గరున్నవి ఒక పాత యాంప్లిఫయరు, సీడీ ప్లేయరు, రెండు చిన్న స్పీకర్లు, పెళ్లిళ్లకు పెట్టే డబ్బాలోంచి ఊడదీసిన పదిహేనంగుళాల ఊఫరు మాత్రమేనని. అంత ఊఫరుకు డబ్బా కట్టాలంటే బీరువా అంత కావాలి. బీరువా అంత డబ్బాకు టేకు చెక్క ఎవడిస్తాడు? రెండు రోజులు అన్నం ముందు కూర్చుని లేచాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి, వెనక్కి తగ్గడు.

మూడో రోజు నట్టింట్లో అటూ ఇటూ తిరుగుతుంటే కాలి కింద బండ డొల్లగా పలికింది. ఆ చెవులు ఊరికే ఉంటాయా! అది వాళ్ల నాయన కాలం నాటి జొన్నల పాతర. మనిషి లోతు, కుండలాగా లోపల వెడల్పు, పైన మనిషి దిగేంత మూతి. కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక జొన్నలు తినేవాళ్లు లేరు, పాతర తెరిచి ఇరవై ఏళ్లయింది. ఇంతకంటే పెద్ద డబ్బా ఏ కంపెనీ వాడు చేయగలడు?

బండ తీశాడు. పాతరలో చెడ్డగాలి ఉంటుందని పెద్దలు చేసినట్టే ముందు దీపం తాడుకు కట్టి దించాడు. మొదటిరోజు ఆరిపోయింది, రెండోరోజు నిలబడింది. అప్పుడు దిగి ఊడ్చాడు. చర్చి పాత బల్ల పలకకు గుండ్రంగా కంత కోసి, ఊఫరు బిగించి, మూతి మీద పరిచి, చుట్టూ బంకమట్టి మెత్తాడు. చిన్న స్పీకర్లు రెండూ గోడ గూళ్లలోకి చేరాయి. అజయ్‌లాగా పాకాల్సిన పనే లేదు. పాతర యాడుంటే మోత ఆడనే.

"ఇల్లు నిలబడే ఆలోచన ఉందా నీకు?" అంది నిర్మల.

"మీ తమ్ముడొచ్చి చెప్తాడు లే."

ఆదివారం మధ్యాహ్నం అజయ్ వచ్చాడు. అక్కకు నంద్యాల మిఠాయి తెచ్చాడు, బావకు కొత్త చొక్కా. చొక్కా చూసి జకరయ్యకు ఇంకా మండింది. దాన్ని మంచం మీద పడేసి సీడీ వేశాడు.

వాన బాగానే కురిసింది. ఆ తర్వాత ఉరిమింది. మొదట నేల కదిలింది. గిన్నెలు గూట్లోంచి దూకాయి. మట్టి మిద్దెను మోసే దంతె కొయ్యల సందుల్లోంచి పిడికిళ్లకొద్దీ మట్టి అజయ్ నెత్తిన రాలింది, దాంతోపాటు ఒక తేలు కూడా కిందపడి దిక్కు తెలియక గోడెక్కింది. రెండో ఉరుముకు పక్కింటి తిరుపాలమ్మ కేక వీధంతా వినపడింది.

"వానొస్తాంది! మిరపకాయలు తీయండ్రా! బిరీన, బిరీన!"

జకరయ్య వాకిట్లోకి పోయి చూశాడు. మండుటెండలో, మబ్బు తునక లేని ఆకాశం కింద, మిద్దెల మీదున్న జనమంతా ఆరబోసిన మిరపకాయలు గోతాల్లోకి ఎత్తుతున్నారు. ఆయన గుండె ఇంతయింది. ఇక చాలు, ఆ ఒక్క మాట వాడి నోట్లోంచి వస్తే చాలు, అనుకుంటూ లోపలికి వచ్చాడు.

అజయ్ నెత్తిన మట్టి కూడా దులుపుకోకుండా, పాతర దగ్గర గొంతుక్కూర్చుని బల్ల మీద చెయ్యి పెట్టి చూస్తున్నాడు.

"బావా, మా షాపులో లక్ష రూపాయలది కూడా దీని ముందు పనికిరాదు," అన్నాడు. గట్టిగా, అక్క ముందే, ముఖమంతా నవ్వుతో. "యాడ నేర్చినావు ఇది? నాకెందుకు రాలేదీ బుద్ధి?"

ఏళ్ల తరబడి కావాలనుకున్న మాట అది. ఇంత సులువుగా, బేరం లేకుండా వస్తుందని అనుకోలేదు. సంతోషపడబోయి ఆగాడు. ఓడిపోయి కూడా వీడెట్లా నవ్వుతాండాడు? అంత మనసు వీడికెక్కడిది? ఇప్పుడు ఆ మనసును చూసి కూడా అసూయ పుట్టింది ఆయనకు.

అజయ్ లేచి చెప్పులు వేసుకుంటూ, ఉన్నట్టుండి అడిగాడు. "నేను గురుస్వామన్న ఇంట్లో పెట్టింది ఎట్లుంది బావా? ఆ దినం నువ్వు చెప్పల్యా. నీ ముఖమే చూస్తాంటి నేను. అందరూ బాగుందన్నారు గానీ, నువ్వంటేనే కదా నాకు."

జకరయ్య నోట్లో మాట సిద్ధంగానే ఉంది. రెండు అక్షరాలో మూడో, అంతే. పళ్ల దాకా వచ్చింది.

"వైరు శానా పొడుగు పెట్టినావ్," అన్నాడు. "అంత అక్కర్లే."

"సరే బావా. ఈసారి తగ్గిస్తా." అజయ్ ముఖంలో నవ్వు కొంచెం తగ్గింది. నంద్యాల బస్సుకు టైమవుతోందని పోయాడు.

జకరయ్య మట్టి రాలిన నట్టింట్లో మంచం వాల్చుకుని కూర్చున్నాడు. నిర్మల చీపురు పట్టుకుని ఊడుస్తోంది. బస్టాండు వైపు నుంచి బస్సు హారను వినపడింది, తర్వాత అదీ దూరమైంది.

"బాగుంది మే," అన్నాడు. "మీ వాడు ఆడ పెట్టింది. నేను ఇన్నేండ్లలో అట్లాంటిది వినలే."

నిర్మల ఊడవడం ఆపి మొగుడి వంక చూసింది.

"నాకెందుకు చెప్తాండావ్? వాడు బస్సెక్కినాడు," అంది.